లవంగానికి ఇచ్చిన మాట

మొన్న నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన తోపుడు బండి మీద ఎవరో ఇసుకలో శనగలు వేయిస్తున్నారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా కుడిచెయ్యి నన్నడక్కుండానే పైట కొంగు చివరకు పోయి ముడి కోసం వెతికింది. ముడీ లేదు, ముడిలో ఏమీ లేదు. పక్కనున్న ఆవిడ జాలిగా చూసి, "ఏమన్నా పడిపోయిందా అమ్మా?" అని అడిగింది. లేదని చెప్పాను. పాతికేళ్ళ కిందట ఒక కుక్క కోసం కొంగున పుట్నాల పప్పు మూటగట్టుకుని తిరిగేదాన్నని, చేతికి ఆ అలవాటింకా పోలేదని ముక్కూమొహం తెలియని మనిషికి ఏం చెప్తాం? ఆ కుక్క టీవీ నటుడని, వాడు తెరమీద చచ్చిపోతే జగ్గయ్యపేట బజారంతా కళ్ళు ఒత్తుకుందని కూడా చెబితే ఆవిడ మెల్లగా పక్కకు జరిగేది.

వాడి పేరు లవంగం. తెరమీద పేరు టైగర్. వాణ్ణి పెంచి నటుణ్ణి చేసి, పనిలో పనిగా నన్ను కూడా ఒక దారికి తెచ్చిన మనిషి అనసూయమ్మ గారు. భర్త పోయాక మెయిన్ బజారులోని పచారీ కొట్టు ఆవిడే నడిపేవారు. చదివింది అయిదో తరగతి. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ ఇంటి మేడ మీద వాటాలో అమ్మా నేనూ అద్దెకుండేవాళ్ళం. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ మనసు బాగుంటే నన్ను సరళా అనీ, ఎగతాళి చేయాలనుంటే టీచరమ్మా అనీ పిలిచేవారు.

ఎగతాళి ఎందుకంటే, ఆ రోజుల్లో నేను టీచరమ్మను కాను. నందిగామలో ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళు లెక్కలు చెప్పి, ఒక పిల్ల మీద చెయ్యి చేసుకుని, ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నదాన్ని ఊరుకున్నానా? తప్పంతా పిల్లలదీ, వాళ్ళను గారాబం చేసే తల్లిదండ్రులదీ, కలికాలానిదీ అని రోజూ అమ్మకు ఉపన్యాసం ఇచ్చేదాన్ని. దెబ్బకు దెయ్యం కూడా వదులుతుందన్నది నా సిద్ధాంతం. లోపల మాత్రం వేరే భయం ఉండేది. రేపు ఏ బడివాళ్ళో పిలిచి ఉద్యోగం ఇచ్చినా, పిల్లల ముందు నిలబడితే నా చెయ్యి ఏం చేస్తుందో నాకే తెలియదు. ముప్ఫై ఏళ్ళ మనిషికి తన చేతి మీద తనకే నమ్మకం లేకపోవడం కంటే సిగ్గు ఏముంది? అది అమ్మకు కూడా చెప్పలేదు.

లవంగం పుట్టింది కొట్టు వెనక గోనెసంచుల మీద. వాడి తల్లి ఊరకుక్క, ఈనిన నాలుగో రోజున హైవే మీద లారీ కింద పడింది. నాలుగు పిల్లల్లో బతికింది వీడొక్కడే. గోధుమరంగు ఒళ్ళు, నల్లటి మూతి, ఒక చెవి ఎప్పుడూ వాలిపోయి ఉండేది. ఆచారం గల వైశ్యుల ఇంట్లో కుక్కేమిటని బంధువులు ముక్కున వేలేసుకుంటే, "గడప బయటే ఉంటాడులే. గడప లోపలున్నోళ్ళం మనం అంత శుభ్రంగా ఉన్నామా?" అని అనసూయమ్మ గారు నోరు మూయించారు. పాలు దూదితో పట్టి, తర్వాత పెరుగన్నం పెట్టి పెంచారు. ఆవిడ మొదటి రోజు నుంచీ 'వాడు' అనేవారు. నేను చాలాకాలం 'అది' అన్నాను. ఎప్పుడు మారానో గుర్తులేదు.

వాడికి ఆవిడ ఏదో నేర్పుతున్నారని ఎవరికీ తెలియదు, ఆవిడకు కూడా తెలియదు. ఆవిడకు కొన్ని పట్టింపులు ఉండేవి, అంతే. ఒక ఆదివారం వాడికి స్నానం చేయించడం మేడ మీద నుంచి చూశాను. వాడు సందు చివర నీడలో పడుకుని ఉన్నాడు. ఆవిడ నీళ్ళ బకెట్టు మోసుకుంటూ, మోకాళ్ళు పట్టుకుంటూ అంత దూరం నడిచి వెళ్తున్నారు.

"పిలిస్తే అదే వస్తుందిగా పిన్నిగారూ!" అని పైనుంచి కేకేశాను.

"వస్తాడు. పిలిచి నెత్తిన నీళ్ళు కుమ్మరిస్తే రేపు పిలిచినప్పుడు ఆలోచించుకుంటాడు. వాడికి ఇష్టం లేని పని చేసేటప్పుడు మనమే నడిచెళ్ళాల," అన్నారు ఆయాసపడుతూ.

కుక్కకు ఇంత రాజ్యాంగమా అని నవ్వుకున్నాను. ఇంకో పట్టింపు కొట్టు మూసే వేళది. రోజూ ఏడున్నరకు ఆవిడ గల్లాపెట్టె మూసి, "కొట్టు కట్టేద్దాం రా!" అనేవారు. ఎక్కడున్నా లవంగం లేచి ఒళ్ళు విరుచుకుని వచ్చేవాడు. ఆవిడ చెక్కలు పెట్టి తాళం వేసి, గుప్పెడు పుట్నాల పప్పు వాడికి తినిపించి, ఇద్దరూ బజారు మీదుగా ఇంటికి నడిచేవాళ్ళు. ఆ మాట అన్నాక ఆవిడ కొట్టు తెరవగా ఎవరూ చూడలేదు. ఒకసారి స్వయానా ఆవిడ మరిదిగారే, తమ ఇంటికి చుట్టాలొచ్చారని, అరకిలో పంచదార ఇమ్మని వస్తే, "రేపు రండి," అన్నారు.

"ఇదేంది వదినా, తాళం ఇంకా నీ చేతిలోనే ఉందిగా?"

"కట్టేద్దాం అన్నా. వాడు లేచాడు. ఇప్పుడు తెరిస్తే వాడికేం చెప్పను?"

ఆయన పంచదార కోసం పక్క కొట్టుకు వెళ్తూ దారిపొడుగునా ఈ సంగతి చెప్పుకుంటూ పోయాడు. బజారు వారం రోజులు నవ్వింది. ఆవిడ పట్టించుకోలేదు.

తొంభైల చివర ఒక వేసవిలో హైదరాబాదు నుంచి సీరియల్ వాళ్ళు వేదాద్రిలో దిగారు. కృష్ణ ఒడ్డున ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, నెలకు పది రోజులు షూటింగు. కథలో ఒక కుక్క ఉంది. దానికోసం నగరంలో చల్లటి గదిలో పెరిగిన జాతికుక్కను వెంట తెచ్చారు. మా మెట్ట ఎండకు రెండో రోజే అది నాలుక బయటపెట్టి పడుకుని ఇక లేవలేదు. మర్నాడు సరుకుల కోసం వాళ్ళ మేనేజరు అనసూయమ్మ గారి కొట్టుకు వచ్చాడు. అదే సమయానికి ఒక మేక బియ్యం బుట్టకేసి వస్తోంది. లవంగం లేచి, మొరగకుండా, మేకకూ బుట్టకూ మధ్య వెళ్ళి నిలబడ్డాడు. మేక కాసేపు చూసి తన దారిన పోయింది. వాడు మళ్ళీ బెల్లం అచ్చుల పక్కన తన చోటుకు వచ్చి కూర్చున్నాడు. బెల్లం వైపు చూడనైనా లేదు. మేనేజరు చేతిలో ఉన్న చీటీ సంగతి మర్చిపోయాడు.

"అమ్మా, ఈ కుక్కని ఇస్తారా?"

"కొట్లో ఉన్నయన్నీ అమ్ముతానండి, వాణ్ణి తప్ప."

"కొనడానికి కాదండీ. యాక్టింగుకి."

"యాక్టింగు వాడికి రాదండి. చెప్పిన పని చేస్తాడు, అంతే."

"మాకు అలా చేసేవాళ్ళే దొరకట్లేదమ్మా," అన్నాడు మేనేజరు, పాపం ఎవర్ని తలుచుకున్నాడో.

అలా లవంగం టైగర్ అయ్యాడు. సీను కాగితం చదివి చెప్పడానికి, రాత అర్థంకాకపోతే అడగడానికి ఎవరన్నా కావాలని అనసూయమ్మ గారు నన్ను వెంట రమ్మన్నారు. ఇంట్లో అమ్మ నా ఉపన్యాసాలు వినలేక, వెళ్ళమని ఆవిడకంటే ముందే నా చెప్పులు గడప దగ్గర పెట్టింది.

మొదటి రోజే యూనిట్ వాళ్ళు వాడికి మర్యాద చేద్దామని పళ్ళెం నిండా కోడిమాంసం పెట్టారు. లవంగం వాసన చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, వెళ్ళి అనసూయమ్మ గారి చీర కుచ్చిళ్ళ వెనక నిలబడ్డాడు. దర్శకుడు నోరు తెరిచి, "ఇది కుక్కేనా అండీ?" అన్నాడు. "మా కొట్లో గుడ్డు కూడా అమ్మమండి. వాడికెట్టా అలవాటవుద్ది?" అన్నారావిడ. మర్నాటి నుంచి భోజనాల చీటీలో హీరోయిన్ పళ్ళరసం కింద 'టైగర్: పెరుగన్నం' అని రాసేవాళ్ళు.

వాడికి పేరు తెచ్చిన సీను ఒకటుంది. కథలో ఆ ఇంటి పెద్దాయన చనిపోతాడు. ఆయన ఖాళీ మంచం పక్కన కుక్క పడుకుని, ముందున్న అన్నం ముట్టకుండా, తలుపు వైపు చూస్తూ ఉండాలి. అనసూయమ్మ గారు వాడికి "ఉండు" అని చెప్పి, కెమెరా పక్కన తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు. వాడు గడ్డం నేలకానించి ఆవిడ వైపే చూశాడు. ఒక్కసారికే అయిపోయింది. కాఫీలు ఇచ్చే ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. దర్శకుడు దగ్గరికి వచ్చి, "ఆ కళ్ళల్లో అంత దుఃఖం ఎలా తెప్పించారమ్మా?" అని అడిగితే, "దుఃఖం కాదు బాబూ. నా కొంగున పుట్నాలున్నయి. ఎప్పుడిస్తానా అని చూస్తన్నాడు," అన్నారు. ఆయన ఆ మాట ఎవరికీ చెప్పవద్దని మా ఇద్దరినీ బతిమాలుకున్నాడు.

ఆ సీను వచ్చిన వారం నుంచి జగ్గయ్యపేటలో వాడి పరపతి పెరిగిపోయింది. వత్సవాయి నుంచి పురుగుమందు కొనడానికి వచ్చిన రైతులు పనిగట్టుకుని కొట్టు దాకా వచ్చి వాణ్ణి చూసి వెళ్ళేవాళ్ళు. ఏ సరుకూ కొనకుండా చూడ్డం బాగుండదని అగ్గిపెట్టె కొనేవాళ్ళు. ఆ ఏడు ఆ కొట్లో అమ్ముడైనన్ని అగ్గిపెట్టెలు జిల్లాలో ఇంకెక్కడా అమ్ముడై ఉండవు. లవంగం మాత్రం ఎప్పటిలా బెల్లం పక్కన కూర్చుని ఈగల్ని తోలుకునేవాడు. షూటింగుల్లో కూడా ఆవిడ పట్టింపులు అవే. ఏ పనైనా మూడుసార్లు చేయించడం, నాలుగోసారి లేదు. "కొట్టు కట్టేద్దాం రా!" అన్నారంటే ఆ రోజుకు వాడి పని అయిపోయినట్టే. దేవుడు దిగివచ్చి అడిగినా కెమెరా ముందుకు పంపేవారు కాదు. క్రమంగా, కొట్టు వదిలి రాలేని రోజుల్లో వాణ్ణి నాకు అప్పగించి పంపడం మొదలుపెట్టారు. కొంగున పుట్నాలు నేనూ కట్టుకున్నాను.

నేను చేసిన పాడుపని కార్తీకమాసంలో జరిగింది. కంచికచర్లలో వాళ్ళ అక్కగారికి ఒంట్లో బాగాలేదని అనసూయమ్మ గారు ఎప్పటిలా కొట్టు మరిదిగారికి అప్పజెప్పి వెళ్తూ, "మూడుసార్లు సరళా. నాలుగోసారి వాడు చేస్తానన్నా నువ్వు చెయ్యనీమాక," అని చెప్పి బస్సెక్కారు. ఆ రోజు సీను ఇది. ఇల్లు వదిలి వెళ్ళిన హీరోయిన్ పడవలో తిరిగి వస్తుంది. ఆమెను చూసి కుక్క ఇంటి గుమ్మం నుంచి మెట్ల మీదుగా రేవు దాకా ఆనందంగా పరిగెత్తుకు రావాలి. మొదటిసారి పడవ పక్కకు తిరిగిపోయింది. రెండోసారి హీరోయిన్ చీరకు తెడ్డు తగులుకుంది. మూడోసారి కార్తీక స్నానాలకు వచ్చిన భక్తులు గుంపుగా కెమెరాకు అడ్డం వచ్చారు. మూడుసార్లూ లవంగం తప్పు లేదు. నేను అక్కడితో ఆపాలి. ఆపలేదు. నాలుగు, అయిదు అయ్యాయి. ఆరోసారి వాడు నడుచుకుంటూ వచ్చాడు.

"సరళ గారూ, వెలుగు పోతోంది. ఒక్క పరుగు కావాలి. మీ వల్లే అవుతుంది," అన్నాడు దర్శకుడు.

యాభై మంది ముందు నన్ను 'గారూ' అని పిలిచి, నా వల్ల అవుతుందని ఒక మనిషి అన్నాడు. ఉద్యోగం పోయినప్పటి నుంచి నా వల్ల ఏదన్నా అవుతుందని ఎవరూ అనలేదు. నేను వెళ్ళి పడవ వెనక నిలబడి, గొంతెత్తి, "కొట్టు కట్టేద్దాం రా!" అన్నాను.

వాడి పరుగు చూడాలి! ఆ వాలిన చెవి కూడా పైకి లేచింది. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చాడు. రేవంతా చప్పట్లు. నేను గబగబా ముడి విప్పి పుట్నాలు తినిపించాను. ఇంతలో దర్శకుడు, దగ్గర నుంచి ఇంకొకటి తీయాలన్నాడు. వాణ్ణి మళ్ళీ గుమ్మం దగ్గరకు తీసుకువెళ్ళి, కిందకు వచ్చి, మళ్ళీ అదే మాట అన్నాను. వచ్చాడు. సగంలో ఆగి నా మొహం చూసి, తర్వాత వచ్చాడు. ఆ చూపు భలే పడిందని కెమెరామన్ మెచ్చుకున్నాడు. మూడోసారి అన్నాను. లేవలేదు. కాసేపటికి సామాన్లు సర్దేసి, జీపు నిజంగా సిద్ధమయ్యాక, నిజంగానే ఆ మాట అన్నాను. అప్పుడూ లేవలేదు. ఎత్తుకుని జీపులో కూర్చోబెట్టాను. పెనుగులాడలేదు, మూలగలేదు. జీపు జగ్గయ్యపేట చేరేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు అనసూయమ్మ గారు వచ్చేశారు. ఏడున్నరకు నేను కొట్టు దగ్గరే ఉన్నాను. ఎందుకున్నానో నాకు తెలుసు. ఆవిడ గల్లాపెట్టె మూసి, ఎప్పటిలాగే పిలిచారు. లవంగం తలెత్తి ఆవిడను చూశాడు. మళ్ళీ తల ముందుకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ మాటకు లేవని రోజు లేదు వాడికి. ఆవిడ రెండోసారి పిలవలేదు. నా వైపు తిరిగారు.

"ఏం జరిగింది?"

చెప్పాను. వెలుగు పోతోందని, భక్తులు అడ్డం వచ్చారని, పడవ తిరిగిపోయిందని కూడా చెప్పాను.

"ఎన్నిసార్లన్నావు ఆ మాట?"

"నాలుగుసార్లు... ఆఖరుది నిజంగానే పిన్నిగారూ."

ఆవిడ అరుగు మీద వాడి పక్కన కూలబడ్డారు. బజారులో అందరూ చూస్తున్నారు. వాడి వీపు నిమురుతూ, "తూకంలో ఒక్కసారి తేడా వస్తే కొన్నోడు తగువు పెట్టుకోడు సరళా. ఊరికే రావడం మానేస్తాడు," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"తిట్టండి పిన్నిగారూ."

"తిడితే నీకు తేలికవుద్ది. వాడికేం ఒరిగిద్ది?"

ఆ తర్వాతి షూటింగుకు వాణ్ణి పంపనని ఆవిడ కబురు చేశారు. పిలుపుకు పలకని కుక్కతో పనేముంది, వాళ్ళు కూడా బలవంతం చేయలేదు. కథలో టైగర్‌ను చంపేశారు. పాత మంచం సీనులోని ముక్కనే మళ్ళీ చూపించి, దానికి ఏడుపు సంగీతం పెట్టారు. అది వచ్చిన మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు ఆడవాళ్ళు గుమిగూడారు. ఒకావిడ అనసూయమ్మ గారి చేతులు పట్టుకుని, "బిడ్డలాగా పెంచుకుంటివి తల్లీ," అని ఏడ్చింది. లవంగం ఆవిడ కాళ్ళ దగ్గరే కూర్చుని ఉన్నాడు. "చచ్చింది సీరియల్లోనమ్మా, ఇదుగో వీడు," అని చూపిస్తే, ఆవిడ ఏడుపు ఆపి, "ఏదైతేనేం, అంతమంది పోయాడనుకున్నారు. దిష్టి తీయించు," అంది. తీయించారు కూడా. ఎర్రనీళ్ళ పళ్ళెం వాడి చుట్టూ తిప్పుతుంటే బజారంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాణ్ణి చంపింది ఆ దర్శకుడు కాదని నాకూ అనసూయమ్మ గారికీ మాత్రమే తెలుసు.

ఆ రోజు సాయంత్రమే ఆవిడ నాకు పని అప్పగించారు. "రోజూ ఏడున్నరకు రా. ఆ మాట నువ్వే అను. ఒక్కసారే. అని, ఎనక్కి చూడకుండా ఇంటిదాకా నడువు. వాడొచ్చినా రాకపోయినా గుప్పెడు పుట్నాలు గడప ముందు పెట్టు. రెండోసారి పిలవమాక."

"ఎన్నాళ్ళు?"

"వాణ్ణడుగు."

అలా మొదలైంది. ప్రతి సాయంత్రం బజారు నడిమధ్యలో, ఒక కుక్కను పిలిచి, అది రాకపోతే ఒంటరిగా నడిచి వెళ్ళడం. బట్టల కొట్టాయన రోజూ, "ఏం టీచరమ్మా, నీ స్టూడెంటు ఇయ్యాల కూడా సెలవేనా?" అనేవాడు. జ్వరం వచ్చిన రోజున అమ్మ వద్దంటున్నా దుప్పటి కప్పుకుని వెళ్ళాను. రెండో నెలలో ఒకరోజు, ఒక్కటిచ్చి మెడ పట్టుకుని లాక్కొస్తే సరిపోయేదానికి ఈ తంతంతా ఎందుకనిపించింది. అనిపించడమే కాదు, చెయ్యి కూడా కొంచెం లేచింది. లవంగం చెవులు వెనక్కి పడ్డాయి. ఆ చేతిని నేను అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. దించుకుని, ఇంటికి నడిచి, గడప ముందు పుట్నాలు పెట్టి, మేడమెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పిల్లలదీ కలికాలానిదీ తప్పని అమ్మకు చెప్పడం ఆ రోజుతో ఆగిపోయింది.

శివరాత్రి వెళ్ళి ఎండలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఎప్పటిలాగే ఆ మాట అని, వెనక్కి తిరక్కుండా నడుస్తున్నాను. బట్టల కొట్టాయన నన్ను చూసి ఏదో అనబోయి ఆగిపోయాడు. సిమెంటు రోడ్డు మీద నా వెనక గోళ్ళ చప్పుడు వినిపించింది. నేను ఆగితే అదీ ఆగింది. నడిస్తే వచ్చింది. తిరిగి చూస్తే పోతుందేమోనని భయపడుతూ ఇంటిదాకా వెళ్ళి, గడప ముందు కూర్చుని, ముడి విప్పి చెయ్యి చాపాను. లవంగం నా అరచేతిలో పుట్నాలు తిన్నాడు. చివరి గింజ దాకా, తొందర లేకుండా తిన్నాడు. నాకు కళ్ళ నిండా నీళ్ళు. వెనకనే తాళాలు చప్పుడు చేసుకుంటూ అనసూయమ్మ గారు వచ్చారు.

"తిన్నాడా?"

"తిన్నాడు."

"నువ్వూ పోయి తిను," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ వేసవిలో సీరియల్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. టైగర్ పోయాక ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చాయట. చచ్చిన టైగర్‌కు తమ్ముడొకడు పక్కూళ్ళో ఉన్నట్టు కథ మార్చారు. అచ్చం అన్నలాగే ఉంటాడట, చెవి కూడా వాలి ఉంటుందట! అనసూయమ్మ గారు పకపకా నవ్వి, సరేనని, "రేపు సరళ తీసుకొస్తది," అన్నారు. మీరు రండి పిన్నిగారూ అన్నాను. "పోగొట్టిన చేత్తోనే తెచ్చుకోవాల," అన్నారు, అంతే. మర్నాడు వేదాద్రిలో మూడోసారి అయిపోయాక దర్శకుడు గడియారం చూసి, ఎండ చూసి, నన్ను చూసి, "సరళ గారూ, ఒక్కటే. ఆఖరుది," అన్నాడు. "మూడయ్యాయండీ," అన్నాను. "ఒక్కటేగా అండీ, యూనిట్ అంతా ఆగిపోయింది!" అన్నాడు. నేను వాడి వైపు తిరిగి ఆ మాట అని, జీపు దగ్గరకు నడిచాను. వెనక వాడు తోక ఊపుకుంటూ వస్తున్నాడు. దర్శకుడు ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. మరుసటి నెల నుంచి వాళ్ళ కాగితాల్లోనే 'టైగర్ తమ్ముడు: మూడు టేకులు' అని రాసుకున్నారు.

వాడు ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు నటించాడు. ఆ సీరియల్ అయ్యాక మరొక దాంట్లో పోలీసు కుక్క వేషం. పెరుగన్నం తినే ఊరకుక్కకు తోలుపట్టా కట్టి దొంగల మీదకు పంపితే, దొంగ వేషాలవాళ్ళే భయం నటించడానికి కష్టపడ్డారు. తర్వాత కళ్ళకు పొరలు కమ్మి, బెల్లం అచ్చుల పక్కన వాసనతోనే మనుషుల్ని గుర్తుపడుతూ కాలం గడిపాడు. ఒక ఆషాఢంలో తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. అనసూయమ్మ గారు ఆ రోజు కొట్టు తెరవలేదు. భర్త పోయినప్పుడు తప్ప ఆవిడ కొట్టు మూయడం అదే. కొన్నేళ్ళకు ఆవిడా వెళ్ళిపోయారు. ఆవిడ ముందు నిలబడి నేను ఎన్నడూ చెప్పుకోలేకపోయిన కృతజ్ఞత ఇప్పుడు ఇలా కాగితం మీద చెప్పుకుంటున్నాను.

ఇంత చెప్పినదాన్ని ఒక సంగతి దాటేశాను. లవంగం నా చేతిలో తిన్న మర్నాడు అనసూయమ్మ గారు పప్పులు చెరుగుతూ, "మరి ఆ పిల్ల సంగతేంది?" అని అడిగారు. ఏ పిల్ల అని నేను అడగలేదు. శిరీష. ఎనిమిదో తరగతి. వరుసగా మూడోసారి లెక్క తప్పు చేసి, భయంతో బెంచీ వదిలి రాలేదు. "రామ్మా, ఏమీ అననులే," అని నవ్వుతూ పిలిచాను. నమ్మి వచ్చింది. చెంప మీద కొట్టాను. రెండు రోజులు ఎడమ చెవి సరిగా వినిపించలేదట. ఆవిడకు మొదటిసారి ఇదంతా చెప్పాను. చెరగడం ఆపి విన్నారు.

"పిలిచి కొట్టావా!" అన్నారు. చేట పక్కన పెట్టి, "ఎళ్ళిరా. ఆ పిల్లని బయటికి రమ్మని మాత్రం అడగమాక," అన్నారు.

ఆదివారం బస్సెక్కి నందిగామ వెళ్ళాను. తల్లి గుర్తుపట్టి మొహం గంటు పెట్టుకుంది, అయినా కుర్చీ వేసింది. తప్పు నాదేనని, ఆ మాట చెప్పడానికే వచ్చానని ఆవిడతో అన్నాను. లోపలి గదిలో రేడియో చప్పుడు తగ్గింది కానీ ఎవరూ రాలేదు. తర్వాతి ఆదివారం వెళ్ళాను. రాలేదు. కుక్కే నాలుగు నెలలు తీసుకుందిగా, ఈ పిల్లకు ఆమాత్రం హక్కు లేదా అనుకుని మూడో ఆదివారం కూడా వెళ్ళాను. లేచి వచ్చేస్తుంటే కర్టెన్ పక్కకు జరిగింది. శిరీష పొడవైంది. గది గుమ్మం దాటలేదు.

"మళ్ళీ బడిలో చేరుతున్నారా టీచర్?"

"ఎవరన్నా ఇస్తే చేరతానమ్మా."

కాసేపు తలుపు గడియ కదుపుతూ నిలబడింది. "చేరితే, పిలిచి కొట్టకండి," అంది. కర్టెన్ మళ్ళీ పడిపోయింది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆ జూన్‌లో జగ్గయ్యపేటలోనే ఒక బడిలో, నందిగామ సంగతి నేనే ముందుగా చెప్పుకుని, చేరాను. ఇన్నేళ్ళలో చెయ్యి ఎన్నడూ లేవలేదని రాసుకోవాలని ఉంది, కానీ అబద్ధం. రెండుసార్లు లేచింది. రెండుసార్లూ సగంలోనే దించాను. శిరీష ఇప్పుడెక్కడుందో, ఆ చెవి ఎలా ఉందో నాకు తెలియదు. ఆ రోజు నేను జవాబు చెప్పేలోపే కర్టెన్ పడిపోయింది. అందుకే ఇప్పటికీ రోజూ పొద్దున బడి మెట్లెక్కేటప్పుడు, "సరేనమ్మా," అని ఆ పిల్లతో ఒకసారి చెప్పుకుని, ఆ తర్వాతే తరగతిలోకి వెళతాను.